నిమిషానికి 540 చుట్లు

వుడ్ చిప్పర్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ‘ఫార్గో’. 1996లో కోయెన్ సోదరులు తీసిన ఆ సినిమా చివర్లో, మంచు కప్పిన నేల మీద, ఒకడు ఆ మిషన్‌లోకి ఏం తోస్తున్నాడో చూసినవాళ్ళు మర్చిపోలేరు. షూటింగులో వాడిన మిషన్ ఇప్పుడు ఫార్గో ఊళ్ళోని పర్యాటక కేంద్రంలో ఉంది. వచ్చినవాళ్ళు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతుంటారు. కొమ్మల్ని ముక్కలు చేయడం తప్ప వేరే పని తెలియని ఒక మామూలు మిషన్‌కి ఇంత చెడ్డపేరు రావడం కొంచెం అన్యాయమే.

సినిమాని పక్కన పెట్టి ఒక మామూలు ప్రశ్న దగ్గరికి వద్దాం. నూజివీడు వైపో జగిత్యాల వైపో పదెకరాల మామిడితోట ఉన్న రైతు ఒకాయన ఉన్నాడనుకోండి. ఇంట్లో 45 హెచ్‌పీ ట్రాక్టరుంది. కాపు దిగాక కొమ్మలు కత్తిరిస్తే తోటంతా కుప్పలు పడతాయి. తగలబెట్టడం ఆయనకి ఇష్టం లేదు. ముక్కలు చేసి చెట్ల కింద పరిస్తే నేలలో తడి నిలుస్తుందని విన్నాడు. ట్రాక్టర్‌కి తగిలించుకునే చిప్పర్ ఒకటి కొందామని డీలర్ దగ్గరికి వెళ్తే, చేతిలో ఒక రంగుల కాగితం పెడతారు. దాని నిండా అంకెలే. ఇన్ని హెచ్‌పీ కావాలి, పీటీవో 540 ఆర్‌పీఎం, మూడు పాయింట్ల లింకేజి, ఇన్ని కత్తులు, ఇన్ని అంగుళాల లావు కొమ్మ.

ఈ అంకెలు ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఒక్కో అంకె వెనక ఒక్కో పాత తగాదా ఉంది. కొన్ని తగాదాలు శాసనసభల్లో తీరాయి, కొన్ని కోర్టుల్లో తీరాయి. ఒకటి మాత్రం ఇంకా తీరలేదు. ఆ కాగితంలో కనపడని అంకె కూడా దానిదే.

పేళ్ళు

గొడ్డలితో కట్టె కొడుతుంటే ఎగిరిపడే ముక్కల్ని పేళ్ళు అంటాం. పొయ్యి రాజెయ్యడానికి ఏరి పెట్టుకుంటారు. అవి కట్టె కొట్టే పనిలో దొరికే ఉపలాభం. పేళ్ళ కోసమే చెట్టుని ముక్కలు చెయ్యాల్సిన అవసరం పెద్దయెత్తున తెచ్చిపెట్టింది మాత్రం కాగితం.

ఐరోపాలో కాగితం చాలాకాలం పాత గుడ్డపేలికలతో తయారయ్యేది. చదివేవాళ్ళు పెరిగారు, పేలికలు చాలలేదు. 1840లలో జర్మనీలో ఫ్రీడ్రిష్ కెల్లర్ అనే నేతపనివాడు చెక్కని తిరుగుడు రాయికి అదిమి పట్టి నూరితే గుజ్జు వస్తుందని చూపించాడు. ఆ తర్వాత చెక్కని నూరకుండా, రసాయనాల్లో ఉడికించే పద్ధతులు వచ్చాయి. వాటిలో ఇప్పటికీ ప్రపంచాన్ని ఏలుతున్న క్రాఫ్ట్ పద్ధతిని 1879లో కార్ల్ డాల్ కనిపెట్టాడు. ఉడికించడం మొదలయ్యాక చెక్క ముక్క సైజు ముఖ్యమైపోయింది. అన్నం వండటం లాంటిదే ఇదీ. బియ్యంలో నూకలు కలిస్తే నూక చిమిడిపోతుంది, గింజ పలుకుగానే ఉంటుంది. చెక్క ముక్కలన్నీ ఒకే కొలతలో ఉంటే తప్ప లోపలిదాకా సమంగా ఉడకవు. అందుకే కాగితపు మిల్లుల్లో చిప్పర్ అనేది వంటింట్లో కత్తిపీట అంత ముఖ్యం.

డాల్ పద్ధతికి అమెరికాలో పేటెంట్ వచ్చింది 1884లో. సరిగ్గా అదే ఏడాది జర్మనీకి ఉత్తరపు కొసన, డెన్మార్క్ సరిహద్దు దగ్గర మాస్‌బ్యూల్ అనే చిన్న ఊళ్ళో పీటర్ యెన్సెన్ అనే ఆయన వుడ్ చిప్పర్‌ని తయారుచేశాడని ఈ మిషన్ చరిత్ర చెప్పేవాళ్ళు అంటారు. అప్పటికే ఆయన కంపెనీ చెక్కపనికీ పురపాలక పనులకీ వాడే యంత్రాలు తయారుచేసి రిపేర్లు చేసేది. తమ ప్రాంతం పేరు మీద ఆ చిప్పర్‌కి ‘మార్కె ఆంగెల్న్’ అని పేరు పెట్టారు. అటు కాగితం కోసం, ఇటు రోడ్డు పక్క కొమ్మల కోసం, చెట్టుని పేళ్ళుగా మార్చే ఆలోచన ఒకే కాలంలో రెండు దారుల్లో నడిచిందన్నమాట.

మన దగ్గర మొదటి దారే బాగా తెలిసింది. రాజమండ్రి పేపరు మిల్లు, ఊరి పేరులోనే కాగితం ఉన్న కాగజ్‌నగర్‌లో సిర్పూర్ మిల్లు, భద్రాచలం దగ్గర సారపాక మిల్లు. ఒకప్పుడు వెదురు మీద ఆధారపడ్డ ఈ పరిశ్రమ తర్వాత్తర్వాత రైతుల దగ్గర కొనే జామాయిల్, సుబాబుల్, సరుగుడు వైపు తిరిగింది. ఉమ్మడి ప్రకాశం జిల్లా పొలాల్లో సుబాబుల్ ఎందుకంత కనిపిస్తుందో, రేటు పడిపోయినప్పుడు అక్కడి రైతులు ఎందుకు రోడ్డెక్కుతారో దీన్నిబట్టి అర్థమవుతుంది. అయితే మిల్లు కొనేది మాను, లావాటి కొమ్మలు. సన్న కొమ్మలు, చితుకులు చేలోనే ఉండిపోతాయి. మామిడికైతే ఆ మాత్రం బేరం కూడా లేదు. మన రైతు ప్రశ్న పుట్టేది ఈ మిగిలిపోయిన కుప్ప దగ్గరే.

రెండు అంకెల పేర్లు

మొదటి అంకె హెచ్‌పీ. చిప్పర్ అమ్మేవాళ్ళు అడిగే మొదటి మాట “మీ ట్రాక్టర్ ఎన్ని హెచ్‌పీ అన్నా?” అని. జవాబు బానెట్ మీదే రాసుంటుంది కదా అనుకుంటాం. అక్కడే ఉంది తిరకాసు.

1910లలో అమెరికాలో ట్రాక్టర్ కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఎవడి నోటికొచ్చిన హార్స్‌పవర్ వాడు రాసుకునేవాడు. మినియాపోలిస్‌లో కొందరైతే ఫోర్డ్ అనే ఇంటిపేరున్న ఒక ఉద్యోగిని వెతికి పట్టుకుని, అతని పేరు మీద ‘ఫోర్డ్ ట్రాక్టర్ కంపెనీ’ తెరిచేశారు. దానికీ కార్ల హెన్రీ ఫోర్డ్‌కీ ఏ సంబంధమూ లేదు. ఆ అసలు ఫోర్డ్ 1917లో తన ట్రాక్టర్‌ని ‘ఫోర్డ్‌సన్’ అనే పేరుతో తేవడానికి ఈ కంపెనీ ముందే ఆ పేరు పట్టుకుపోవడం కూడా కారణం.

ఆ మినియాపోలిస్ ట్రాక్టర్ కొని మోసపోయినవాళ్ళలో నెబ్రాస్కా రాష్ట్రపు రైతు విల్మాట్ క్రోజియర్ ఒకడు. రెండోది ఇంకో కంపెనీది కొన్నాడు, అదీ అంతంతమాత్రమే. మూడోసారి కొన్న రూమ్‌లీ ట్రాక్టర్ చెప్పినదానికంటే ఎక్కువే పనిచేసింది. చెప్పిన పని చేసే ట్రాక్టర్లూ ఉంటాయి, కానీ ఏది ఏదో కొనేముందు రైతుకి తెలిసే దారి లేదు. క్రోజియర్ ఊరుకోలేదు. రాష్ట్ర శాసనసభకి ఎన్నికై, సెనేటర్ చార్లెస్ వార్నర్‌తో కలిసి 1919లో ఒక చట్టం చేయించాడు. నెబ్రాస్కాలో ఏ ట్రాక్టర్ మోడల్ అమ్మాలన్నా ముందు రాష్ట్ర విశ్వవిద్యాలయం దాన్ని పరీక్షించాలి. కంపెనీ చెప్పుకున్న శక్తి నిజంగా ఉందో లేదో తేల్చాలి. విడిభాగాలు దొరికే ఏర్పాటు కూడా ఆ రాష్ట్రంలోనే ఉండాలి. 1920లో పరీక్షలు మొదలయ్యాయి. ఒక రాష్ట్రం చేసిన చట్టం మొత్తం అమెరికా ట్రాక్టర్ల మార్కెట్‌ని దారిలో పెట్టింది. పరీక్షలో తప్పుతుందని తెలిసినవాళ్ళు మెల్లగా పక్కకి తప్పుకున్నారు.

ఆ రోజుల్లో ట్రాక్టర్ పేరులోనే రెండు అంకెలు ఉండేవి. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ ట్రాక్టర్ల పేర్లు చూడండి. ఒకటి 8-16, ఇంకొకటి 15-30. మొదటిది నాగలి లాగేటప్పుడు కొక్కెం దగ్గర దొరికే శక్తి. రెండోది బెల్టు వేసి మిషన్ తిప్పేటప్పుడు దొరికే శక్తి. ఇంజన్‌లో పుట్టిన బలం ఎక్కడ వాడితే అక్కడ వేరే లెక్క అని పేరే చెప్పేసేది. ఇప్పుడు బానెట్ మీద ఒకటే అంకె. అది ఇంజన్‌ది. చిప్పర్‌కి చేరేది పీటీవో దగ్గర మిగిలినది. గేర్ల దారిలో పదో పదిహేనో శాతం పోతుంది. అంటే 45 హెచ్‌పీ ట్రాక్టర్‌కి చిప్పర్ దగ్గర 40 కూడా ఉండకపోవచ్చు. అంచు మీద ఉన్న చిప్పర్ కొంటే కాయితం మీద సరిపోయి, సరుగుడు మోడు పడగానే ఇంజన్ మూలుగుతుంది.

మనకీ నెబ్రాస్కాలు ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్రప్రభుత్వపు పరీక్షా కేంద్రం 1950ల నుంచీ ఉంది. అలాంటిదే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కూడా ఉంది. పరీక్ష జరిగిన ట్రాక్టర్‌కి పీటీవో దగ్గర నిజంగా ఎంత శక్తి వచ్చిందో రిపోర్టులో ఉంటుంది. డీలర్‌ని అడగాల్సిన మొదటి కాగితం అదే, రంగుల బ్రోచర్ కాదు. క్రోజియర్ పోట్లాడి తెచ్చిన హక్కుని ఇంత దూరాన మనం కూడా వాడుకోవచ్చు.

540 ఎలా వచ్చింది

రెండో అంకె 540. ట్రాక్టర్ వెనక, సీటు కింద, పళ్ళున్న ఒక చిన్న ఇరుసు బయటికి పొడుచుకుని ఉంటుంది. అదే పీటీవో. రోటవేటర్ తిరిగేది, నూర్పిడి మిషన్ తిరిగేది, చిప్పర్ తిరిగేది దాంతోనే.

అది రాకముందు రెండు పద్ధతులు ఉండేవి. ఒకటి, కోత మిషన్‌ని లాక్కెళ్తుంటే దాని చక్రమే నేల మీద దొర్లుతూ లోపలి కత్తుల్ని తిప్పడం. వానపడి నేల బురదైతే చక్రం జారిపోయేది, కత్తులు ఆగిపోయేవి. పంట కళ్ళముందు పాడైపోతున్నా చేసేదేం లేదు. రెండోది, ట్రాక్టర్‌ని ఒకచోట నిలబెట్టి పొడవాటి బెల్టుతో మిషన్ తిప్పడం. ఇది నిలకడగా ఉన్న మిషన్‌కి పనికొస్తుంది గానీ కదిలే మిషన్‌కి కాదు.

ఫ్రాన్సులో గూజీ అనే రైతు, కాస్త మెకానిక్ కూడా, ఈ చిక్కు విప్పాడు. ఇంజన్ నుంచి ఒక ఇరుసు వెనక్కి తీసి నేరుగా కోత మిషన్‌కి కలిపాడు. అటుగా వెళ్ళిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్ ఇంజనీరు ఎడ్వర్డ్ జాన్‌స్టన్ దాన్ని చూశాడు. సుమారు పదేళ్ళ తర్వాత, 1918లో, పైన చెప్పిన 8-16 ట్రాక్టర్ మీద ఆ కంపెనీ పీటీవోని మార్కెట్లోకి తెచ్చింది. గూజీ సొంత వాడకానికి చేసుకున్న ఏర్పాటు ఇలా ఒక పెద్ద కంపెనీ సరుకైంది.

వెంటనే కొత్త గొడవ మొదలైంది. ఒక్కో కంపెనీ ఇరుసు ఒక్కో సైజు, ఒక్కో వేగం. ఒకరి ట్రాక్టర్‌కి ఇంకొకరి మిషన్ తగలదు. 1920లలో అమెరికా వ్యవసాయ ఇంజనీర్ల సంఘం కూర్చుని ఒక ప్రమాణం తేల్చింది. నిమిషానికి 536 చుట్లు, పది అటూ ఇటూ. వెనకనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపే తిరగాలి. తర్వాత 536ని సర్ది 540 చేశారు. దాని వెనక ప్రకృతి సూత్రమేమీ లేదు. అప్పటికి తిరుగుతున్న ట్రాక్టర్లకి దగ్గరగా ఉన్న ఒక రాజీ అంకె, అంతే. పెద్ద ట్రాక్టర్ల కోసం 1950ల చివర్లో 1000 కూడా చేర్చారు. కానీ వందేళ్ళ నాటి ఆ రాజీయే ఇవాళ జగిత్యాలలో రైతు ట్రాక్టర్ వెనక తిరుగుతోంది. దారి కూడా తిన్ననిదే. 1963లో మహీంద్రా ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టింది ఆ ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో భాగస్వామ్యంలోనే.

కొనేవాళ్ళకి ఇక్కడ ఇంకో చిన్న సంగతి. పాత ట్రాక్టర్లలో క్లచ్ తొక్కితే చక్రాలూ పీటీవో రెండూ ఒకేసారి ఆగిపోయేవి. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక కెనడాలో కాక్‌షట్ కంపెనీ ఈ రెంటినీ విడదీసింది. మన బ్రోచర్లలో ‘డ్యూయల్ క్లచ్’ అని రాసేది ఆ విడదీతనే. చిప్పర్ ఒకచోట నిలబడి తిరిగేదైతే ఇది అంత పట్టింపు కాదు. తోటలో చెట్టు చెట్టుకీ జరుపుకుంటూ వెళ్ళాలంటే చాలా పట్టింపే.

మూడు పాయింట్లు

మూడో సంగతి లింకేజి. దీన్ని తెచ్చింది ఐర్లండ్‌కి చెందిన హ్యారీ ఫెర్గూసన్. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఐర్లండ్‌లో ట్రాక్టర్లు ఎలా పనిచేస్తున్నాయో చూసి చెప్పమని ప్రభుత్వం ఆయన్ని పంపింది. అప్పుడు నాగలిని ట్రాక్టర్ వెనక గొలుసుతో కట్టినట్టు ఈడ్చేవారు. నాగలికి రాయి తగిలితే చక్రాలు ఆగవు, ముందుభాగం గుర్రంలా పైకి లేచేది. నడిపేవాడు వెనక్కి పడి ట్రాక్టర్ కింద నలిగిపోయేవాడు. ఫెర్గూసన్ నాగలినీ ట్రాక్టర్‌నీ మూడు చోట్ల కడ్డీలతో బిగించి, రెండూ ఒకటే యంత్రంలా కదిలేట్టు చేశాడు. కింద రెండు, పైన ఒకటి. లాగే బలమే ముందు చక్రాల్ని నేలకి అదిమిపట్టేట్టు ఆ కడ్డీల కోణాలు కుదిర్చాడు.

1938లో ఆయన హెన్రీ ఫోర్డ్‌తో కాగితం లేకుండా, చెయ్యి కలిపి ఒప్పందం చేసుకున్నాడు. మరుసటి ఏడాది ఫోర్డ్ 9ఎన్ వచ్చింది. ఫోర్డ్ మనవడు అధికారంలోకి వచ్చాక ఆ చేతిమాట చెల్లలేదు. కేసు నడిచింది. 1952లో 92.5 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. ఫెర్గూసన్ కంపెనీ మాసీతో కలిసింది. ఆ మాసీ ఫెర్గూసన్‌తో కలిసి 1960లో మద్రాసులో టాఫే మొదలైంది. ఇవాళ ఏ కంపెనీ ట్రాక్టర్ చూసినా వెనక ఫెర్గూసన్ మూడు కడ్డీలే.

ప్రాణాలు కాపాడటానికి పుట్టిన ఈ లింకేజికి బరువైన చిప్పర్‌ని వేలాడదీస్తే అదే పాత ప్రమాదం ఇంకో రూపంలో తిరిగొస్తుంది. వెనక బరువు ఎక్కువై ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగ్ తిప్పినా బండి వినదు. కాబట్టి చిప్పర్ బరువెంత, ట్రాక్టర్ ఎత్తగలిగే బరువెంత, ముందు బంపర్‌కి బరువులు వెయ్యాలా అన్నది హెచ్‌పీ అంత ముఖ్యమైన ప్రశ్న.

కత్తి ముందు

ఇక చిప్పర్ లోపల ఏముందో చూద్దాం. స్థూలంగా రెండు రకాలు. ఒకదాంట్లో బరువైన ఇనప పళ్ళెం తిరుగుతుంది, దాని ముఖం మీద కత్తులు బిగించి ఉంటాయి. ఇంకోదాంట్లో డోలు ఆకారంలో ఉన్న రోలర్ చుట్టూ కత్తులుంటాయి. రెంటిలోనూ కదలని ఇనప దిమ్మె ఒకటి ఉంటుంది. కొమ్మ దానికి ఆనుకుని ఉండగా కత్తి కోసేస్తుంది. కత్తీ దిమ్మె మధ్య సందు పెరిగితే కొయ్యడం పోయి నలపడం మొదలవుతుంది. పళ్ళెం బరువుగా ఉంటే మంచిదే, ఆ ఊపే లావు కొమ్మని దాటిస్తుంది. అయితే అదే ఊపు పీటీవో ఆపాక కూడా కత్తుల్ని చాలాసేపు తిప్పుతూనే ఉంటుంది. చప్పుడు తగ్గింది కదా అని మూత తీస్తే చెయ్యి పోతుంది.

ఎలాంటి కొమ్మకి ఏ మిషన్ అన్నదీ చూసుకోవాలి. మామిడి కొమ్మ తిన్నగా ఉండదు, పంగలు పంగలుగా ఉంటుంది. దానికి బ్రోచర్‌లో రాసిన అంగుళాలకంటే లోపలికి పెట్టే నోరు ఎంత వెడల్పో ముఖ్యం. కొబ్బరి మట్ట, ఆయిల్‌పామ్ మట్ట పీచు పీచుగా ఉంటాయి, కత్తి మిషన్‌లో చుట్టుకుపోతాయి. వాటికి సుత్తుల్లాంటి ముక్కలతో చితగ్గొట్టే ష్రెడర్ మేలు. పత్తికట్టె సంగతీ అంతే. దాన్ని చేలోనే చితగ్గొట్టి దున్నేస్తే గులాబీరంగు పురుగుకి తలదాచుకునే చోటు కూడా పోతుంది. తుమ్మ, సరుగుడు లాంటి గట్టి కలపని పచ్చిగా ఉన్నప్పుడే ఆడించాలి. ఎండితే కత్తులు మొద్దుబారిపోతాయి. పేళ్ళని పచ్చిగానే మట్టిలో కలిపితే కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నేలలో నత్రజనిని కొంతకాలం లాక్కుంటాయి. పైన పరిచి వదిలేస్తే ఆ బెడద ఉండదు.

ఇంతవరకూ సులువే. తీరని తగాదా కొమ్మని లోపలికి ఎవరు తోస్తారు, ఎలా తోస్తారు అన్న దగ్గరుంది.

అమెరికాలో చెట్లు కొట్టే పనివాళ్ళు వాడిన పాతకాలపు డోలు చిప్పర్లకి వాళ్ళే ‘చక్ అండ్ డక్’ అని పేరు పెట్టుకున్నారు. విసిరెయ్, తల దించుకో అని. లోపలికి లాగే రోలర్లు ఉండేవి కావు. తిరిగే కత్తులే కొమ్మని ఒక్క గుంజు గుంజేసేవి. వెనక ఉన్న రెమ్మలు కొరడాలా ముఖానికి తగిలేవి. చేతి గ్లవ్ రెమ్మకి చిక్కుకుంటే విడిపించుకునే వ్యవధి ఉండేది కాదు. తర్వాత హైడ్రాలిక్ రోలర్లు వచ్చి కొమ్మని నెమ్మదిగా లోపలికి తీసుకెళ్ళడం మొదలైంది. నోటి దగ్గర ఒక కడ్డీ పెట్టారు. దాన్ని తోస్తే రోలర్లు ఆగిపోతాయి, వెనక్కి కూడా తిరుగుతాయి. కత్తుల వేగం తగ్గితే రోలర్లు తమంతట తామే ఆగే ఏర్పాటూ వచ్చింది. ఇవన్నీ ఉన్నాక కూడా 1992 నుంచి 2002 మధ్య అమెరికాలో చిప్పర్ల దగ్గర పనిచేస్తూ 31 మంది చనిపోయారు. ఎక్కువమంది మిషన్‌లోకి లాక్కోబడే పోయారు.

ఇప్పుడు మన తోటకి వద్దాం. పీటీవో నుంచి చిప్పర్‌కి వెళ్ళే షాఫ్ట్ మూడంగుళాల మందం ఉందనుకోండి. నిమిషానికి 540 అంటే సెకనుకి తొమ్మిది చుట్లు. ఒక చుట్టుకి తొమ్మిదిన్నర అంగుళాలు. అంటే సెకనుకి ఏడడుగుల గుడ్డని చుట్టుకుంటుంది. ఒక చీర పొడవు సుమారు పద్దెనిమిది అడుగులు. మొత్తం చీరకి పట్టే కాలం మూడు సెకన్ల లోపు. గుడ్డ చుట్టుకునేకొద్దీ చుట్టు లావెక్కి ఇంకా వేగంగా లాగుతుంది. మన తోటల్లో కొమ్మలు మోసి అందించే పని ఎక్కువగా ఆడకూలీలదే. కొంగు, తలగుడ్డ, వదులు చొక్కా. షాఫ్ట్ మీద ఉండాల్సిన ప్లాస్టిక్ తొడుగు పగిలిపోతే మళ్ళీ ఎవరూ వెయ్యరు. గ్రీజు పెట్టడానికి అడ్డమని ఊడదీసేవాళ్ళూ ఉన్నారు.

మన దేశం ఈ పాఠాన్ని ఒకసారి నేర్చుకుంది. హరిత విప్లవంతో పాటు పవర్ త్రెషర్లు పల్లెల్లోకి వచ్చినప్పుడు వేళ్ళూ చేతులూ పోగొట్టుకున్న కూలీల సంఖ్య ఎంతగా పెరిగిందంటే పార్లమెంటు 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేయాల్సి వచ్చింది. మిషన్ నోటి నిర్మాణం ఎలా ఉండాలో ప్రమాణం పాటించాలని, గాయపడిన కూలీకి పరిహారం ఇవ్వాలని ఆ చట్టం చెప్పింది. ఐఐటీ ఢిల్లీలో పనిచేసిన దినేశ్ మోహన్ ఉత్తర భారత గ్రామాల్లో త్రెషర్లు, గడ్డి కోసే మిషన్ల గాయాల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. ఆయన వాదన సూటిగా ఉండేది. కూలీకి జాగ్రత్తలు చెప్పడం మీద ఆధారపడొద్దు, మనిషి ఏమరుపాటుగా ఉన్నా చెయ్యి కత్తిదాకా వెళ్ళలేని మిషన్ చెయ్యండి అని. గడ్డి మిషన్ చక్రానికి పిల్లలు తిప్పకుండా ఒక చిన్న తాళం పెట్టడం లాంటి చవకైన మార్పులతోనే అది సాధ్యమని చూపించారు.

అంటే సూత్రం తెలియక కాదు. కత్తికీ నోటికీ మధ్య దూరం, చాచిన చెయ్యి పొడవుకంటే ఎక్కువ ఉండాలి. అంతే. కానీ నోరు పొడవు చేస్తే రేకు ఎక్కువ పడుతుంది, మిషన్ బరువెక్కుతుంది, రోలర్లు పెడితే ధర ఇంకా పెరుగుతుంది. చవకరకం చిప్పర్లలో మొట్టమొదట కురచైపోయేది ఆ నోరే.

నెబ్రాస్కాలో మోసపోయినవాడు కొన్నవాడే. అందుకే వాడు శాసనసభకి వెళ్ళి పోట్లాడాడు. ఐర్లండ్‌లో ట్రాక్టర్ కింద పడ్డవాడు నడిపినవాడే, చాలాసార్లు యజమానే. 540 గొడవలో ఇబ్బంది పడ్డది రెండు కంపెనీల సరుకు కొన్న రైతు. ఈ తగాదాలన్నీ తీరడానికి కారణం, నష్టపోయినవాడి చేతిలో ఎంతోకొంత డబ్బూ నోరూ ఉండటం. చిప్పర్ నోటి దగ్గర నిలబడే మనిషి మాత్రం దాన్ని కొనడు. డీలర్ దగ్గరికి రాడు. బ్రోచర్ చదవడు. బేరం జరిగేటప్పుడు అక్కడ ఉండడు. ఆ అంకె కాగితంలో లేకపోవడానికి కారణం అదే.

చితుకులు ఎవరివి

అక్కడ ఉండని మనిషి ఇంకొకరు కూడా ఉన్నారు. తోటలో కొమ్మలు కొట్టిన రోజు చితుకులు ఏరుకుని మోపు కట్టుకుని వెళ్ళే ఆడవాళ్ళు. రాతకోతలేమీ లేకపోయినా చాలా ఊళ్ళలో అది వాళ్ళ హక్కులాగే నడిచింది. కూలీ డబ్బులకి తోడు పొయ్యిలోకి పుల్లలు. గ్యాసు వచ్చాక అవసరం తగ్గిన మాట నిజమే, కానీ సిలిండర్ అయిపోయిన వారం, స్నానాలకి నీళ్ళు కాచుకునే చలికాలం ఇంకా పోలేదు. చిప్పర్ వచ్చాక ఆ పుల్లలు చెట్టు కిందకే తిరిగి వెళ్తాయి. మట్టికి మంచిదే. కుప్పని తగలబెట్టడంకంటే వెయ్యిరెట్లు నయం. అయినా ఆ మేలు ఒకరి పొయ్యి దగ్గర్నుంచి ఇంకొకరి నేలలోకి చేరిందని తెలిసి చెయ్యడం వేరు, తెలియక చెయ్యడం వేరు. లావుపాటి పుల్లలు పక్కన పెట్టి మిగతావి ఆడించడానికి మిషన్ ఏమీ అడ్డుచెప్పదు.

కాబట్టి మన రైతు ఏం కొనాలి? పీటీవో దగ్గర నిజంగా ఎంత శక్తి ఉందో చూసి, దానికంటే కాస్త తక్కువ అడిగే చిప్పర్. ట్రాక్టర్ ఎత్తగలిగే బరువులో ఉండేది. మామిడి పంగలు పట్టే వెడల్పున్నది. వీలైతే రోలర్లున్నది, ఆపే కడ్డీ ఉన్నది. ఒక్కడే కొనలేకపోతే నలుగురు కలిసి కొనేది, లేదా అద్దెకి తెచ్చుకునేది. ఎందుకంటే ఏడాదిలో నాలుగు రోజులు నడిచే మిషన్ కోసం చవకరకం కొనడంకంటే నలుగురూ కలిసి మంచిది వాడుకోవడం నయం.

డబ్బు కట్టేముందు ఇంకొక్క పని. షోరూమ్‌లో మిషన్ ఆగి ఉన్నప్పుడు, ట్రాక్టర్‌కి తగిలించకముందు, నోటి ముందు నిలబడి చెయ్యి పూర్తిగా లోపలికి చాచి చూడాలి. వేళ్ళకి రోలరో కత్తో తగిలితే ఆ మిషన్ వద్దు. ఆ కొలత తీసుకోవడానికి టేపు కూడా అక్కర్లేదు.